పేగులో చిచ్చు, క్షయకు కాపలా: ఒకే ప్రోటీన్ రెండు పనులు

నెలల తరబడి కడుపునొప్పి. తరచూ విరేచనాలు. తినాలనిపించదు, బరువు తగ్గిపోతుంటుంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతుంది. ఇలాంటి రోగికి కొలనోస్కోపీ చేస్తే చిన్నపేగు పెద్దపేగుతో కలిసేచోట పుండ్లు కనిపించాయనుకుందాం. మన దేశంలో ఏ జీర్ణకోశ నిపుణుడి మనసులోనైనా వెంటనే రెండు పేర్లు మెదులుతాయి. ఒకటి పేగు క్షయ, రెండోది క్రోన్స్ వ్యాధి.

పేగు క్షయ బ్యాక్టీరియాతో వచ్చే ఇన్‌ఫెక్షన్. మందులు పూర్తికాలం వాడితే నయమవుతుంది. క్రోన్స్ అలా కాదు. రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పి సొంత పేగునే గాయపరచే దీర్ఘకాలిక సమస్య అది. కెమెరాలో చూస్తే ఈ రెండూ అక్కచెల్లెళ్లలా ఉంటాయి. చికిత్సలు మాత్రం ఒకదానికొకటి పొసగవు. క్రోన్స్‌కు బాగా పనిచేసే ఒక రకం మందును పొరపాటున క్షయ ఉన్న మనిషికి ఇస్తే ప్రాణం మీదికి రావచ్చు.

దీనికంతటికీ మూలం ఒక చిన్న ప్రోటీన్. పేరు ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్. సంక్షిప్తంగా టీఎన్‌ఎఫ్. పేగులో పుండ్లు రేపేదీ ఇదే, ఊపిరితిత్తిలో క్షయ క్రిమిని కట్టడి చేసేదీ ఇదే.

పేగుపూత అంటే ఏమిటి?

క్రోన్స్ వ్యాధి, అల్సరేటివ్ కొలైటిస్ అనే రెండు జబ్బులను కలిపి ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్ లేదా ఐబీడీ అంటారు. వాడుకలో పేగుపూత అని పిలుస్తుంటారు. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగు లోపలి పొరకే పరిమితం. విరేచనంలో రక్తం, జిగురు పడటం దీని ముఖ్య లక్షణం. క్రోన్స్ నోటి నుంచి మలద్వారం వరకు జీర్ణమార్గంలో ఎక్కడైనా రావచ్చు. పైగా పేగు గోడ మందమంతటా పాకుతుంది. దాంతో పేగు సన్నబడి ఇరుకైపోవచ్చు. పక్కనున్న పేగులోకో చర్మంలోకో దారులు పడి ఫిస్టులాలు ఏర్పడవచ్చు. ఒత్తిడితోనో ఆహారం పడకనో ఇబ్బంది పెట్టే ఐబీఎస్ వేరు, ఇది వేరు. ఐబీఎస్‌లో పేగుకు పుండ్లు పడవు.

ఒకప్పుడు ఐబీడీని పాశ్చాత్య దేశాల జబ్బుగా చూసేవారు. ఆ మాటకు ఇప్పుడు కాలం చెల్లింది. గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ అధ్యయనం అంచనా ప్రకారం 1990లో ప్రపంచంలో సుమారు 37 లక్షల మందికి ఐబీడీ ఉంటే, 2017 నాటికి ఆ సంఖ్య 68 లక్షలకు చేరింది. భారత్ సహా ఆసియా దేశాల్లో కేసులు పెరుగుతూనే ఉన్నాయి.

క్రోన్స్‌కూ క్షయకూ ఉన్న పోలిక వైద్యులకు మొదటి నుంచీ తెలుసు. 1913లో గ్లాస్గో సర్జన్ కెన్నెడీ డాల్జీల్ కొందరి పేగుల్లో వింత వాపును వర్ణించారు. పశువులకు క్షయ జాతి బ్యాక్టీరియా వల్ల వచ్చే జోన్స్ వ్యాధిని అది పోలి ఉంది. కానీ ఎంత వెతికినా బ్యాక్టీరియా దొరకలేదు. 1932లో న్యూయార్క్‌లో బరిల్ క్రోన్, లియోన్ గింజ్‌బర్గ్, గోర్డన్ ఒపెన్‌హైమర్ కలిసి రాసిన వ్యాసంతో అది విడి వ్యాధిగా గుర్తింపు పొందింది.

కణితుల వేటలో దొరికింది

టీఎన్‌ఎఫ్ కథ పేగుతో మొదలవలేదు. 1890ల్లో న్యూయార్క్ సర్జన్ విలియం కోలీ ఒక విషయం గమనించారు. కొందరు క్యాన్సర్ రోగులకు తీవ్రమైన బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్ సోకి తగ్గాక, వారి కణితులు కూడా కుంచించుకుపోతున్నాయి. బ్యాక్టీరియా నేరుగా కణితిని చంపుతోందా, లేక దాన్ని చూసి శరీరమే ఏదైనా పదార్థాన్ని విడుదల చేస్తోందా?

జవాబు 1975లో దొరికింది. లాయిడ్ ఓల్డ్, ఎలిజబెత్ కార్స్‌వెల్ బృందం ఎలుకలకు ముందుగా బీసీజీ ఇచ్చి, తర్వాత బ్యాక్టీరియా నుంచి తీసిన ఎండోటాక్సిన్‌ను ఎక్కించింది. మనం పసిపిల్లలకు క్షయ టీకాగా వేయించే బీసీజీయే అది. ఆ ఎలుకల రక్తం నుంచి తీసిన సీరాన్ని కణితులున్న వేరే ఎలుకలకు ఇస్తే కణితులు లోపల కుళ్లి రాలిపోయాయి. సీరంలోని ఆ పదార్థానికి కణితిని నశింపజేసే కారకం అనే అర్థంలో ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ అని పేరు పెట్టారు.

క్యాన్సర్‌కు మందు దొరికిందన్న ఆశ ఎక్కువ కాలం నిలవలేదు. అదే సమయంలో రాక్‌ఫెలర్ విశ్వవిద్యాలయంలో ఆంథొనీ సెరామీ, బ్రూస్ బ్యూట్లర్ వేరే చిక్కుముడి విప్పుతున్నారు. దీర్ఘకాలం ఇన్‌ఫెక్షన్‌తో బాధపడే శరీరం ఎందుకు శుష్కించిపోతుంది? అందుకు కారణమైన ప్రోటీన్‌ను వేరుచేసి దానికి కేకెక్టిన్ అని పేరు పెట్టారు. 1985లో పోల్చి చూస్తే కేకెక్టిన్, టీఎన్‌ఎఫ్ రెండూ ఒకటేనని తేలింది. రోగులకు టీఎన్‌ఎఫ్ ఎక్కించి చూస్తే తీవ్ర జ్వరం వచ్చింది, రక్తపోటు పడిపోయింది. కణితిని కరిగించేంత మోతాదును మనిషి తట్టుకోలేడని అర్థమైంది. దాంతో ప్రశ్న తిరగబడింది. ఎక్కువైతే ఇంత హాని చేసే ప్రోటీన్‌ను అడ్డుకుంటే ఏమవుతుంది?

సంకేతం ఎలా చేరుతుంది?

శరీరంలోని కణాలు ఒకదానితో ఒకటి ప్రోటీన్ల ద్వారా కబురు చెప్పుకుంటాయి. రోగనిరోధక కణాలు వాడే ఇలాంటి సంకేత ప్రోటీన్లను సైటోకైన్లు అంటారు. టీఎన్‌ఎఫ్ వాటిలో ఒకటి. క్రిములను మింగేసే మ్యాక్రోఫేజ్ కణాలు, కొన్ని టీ కణాలు దీన్ని ఎక్కువగా తయారుచేస్తాయి.

తయారైన టీఎన్‌ఎఫ్ మొదట కణం పైపొరకు అతుక్కుని ఉంటుంది. ఒక ఎంజైమ్ కత్తెరలా దాన్ని తెంచితే విడిపోయి చుట్టుపక్కలకు వెళుతుంది. ఒక్కో ముక్కలో 157 అమైనో ఆమ్లాలుంటాయి. అలాంటివి మూడు కలిసి ఒక గుత్తిగా మారతాయి. ఈ గుత్తి మరో కణం మీదున్న గ్రాహకాలను పట్టుకుని మూడింటిని ఒకచోటికి లాగుతుంది. గ్రాహకాల తోకలు కణం లోపల దగ్గరకు రాగానే అక్కడ కొన్ని ప్రోటీన్లు వచ్చి చేరతాయి. ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటూ చివరికి ఎన్‌ఎఫ్-కప్పాబీ అనే ప్రోటీన్‌కు వేసిన సంకెలను తెంచేస్తాయి. విడుదలైన ఎన్‌ఎఫ్-కప్పాబీ కేంద్రకంలోకి వెళ్లి వాపు పుట్టించే జన్యువులను మేల్కొలుపుతుంది. ఆ జన్యువుల్లో టీఎన్‌ఎఫ్ జన్యువు కూడా ఉంది.

పెళ్లి పందిట్లో మైకును స్పీకరు ముందు పెడితే ఏమవుతుందో అందరికీ తెలిసిందే. స్పీకరు శబ్దం మైకులోకి వెళ్లి, ఇంకా పెద్దదై బయటికొచ్చి, చెవులు పగిలేలా కీచుమంటుంది. టీఎన్‌ఎఫ్ సంకేతానికీ ఆ గుణం ఉంది. అందుకే ఆరోగ్యంగా ఉన్న శరీరం దాన్ని వెంటనే ఆపే ఏర్పాట్లు కూడా చేసుకుంది. టీఎన్‌ఎఫ్ తయారీకి సూచన మోసుకెళ్లే ఆర్‌ఎన్‌ఏలో ఒక చిన్న భాగం, ఈ సూచనను త్వరగా చెరిపేయమని చెబుతుంది. అవసరం తీరగానే ఉత్పత్తి ఆగిపోతుంది.

ఆ భాగం లేకపోతే? గ్రీస్‌కు చెందిన జార్జ్ కొల్లియాస్ బృందం ఎలుకల్లో దాన్ని తొలగించి 1999లో ఫలితాలు ప్రకటించింది. ఆ ఎలుకల్లో టీఎన్‌ఎఫ్ ఆగకుండా తయారైంది. చిన్నపేగు చివరి భాగంలో క్రోన్స్‌ను పోలిన వాపు వచ్చింది. కీళ్లూ వాచాయి. ఒక్క ప్రోటీన్ అదుపు తప్పితే చాలు, పేగు పాడవుతుందని ఇది చూపించింది. మనుషుల్లో వ్యవహారం ఇంత సూటిగా ఉండదు. జన్యువులు, పేగులోని సూక్ష్మజీవులు, ఆహారం, పరిసరాలు అన్నీ కలిసి ఐబీడీకి దారితీస్తాయి. ఆ దారులు చాలావరకు టీఎన్‌ఎఫ్ కూడలిలో కలుస్తాయి.

పేగులో టీఎన్‌ఎఫ్ పెరిగితే నష్టం అనేక వైపుల నుంచి జరుగుతుంది. పేగు లోపలి కణాల మధ్య బిగువుగా ఉండే అతుకులు వదులవుతాయి. కొన్ని కణాలు చనిపోతాయి. ఆ సందుల్లోంచి బ్యాక్టీరియా లోపలికి చొరబడుతుంది. రక్తనాళాల గోడలు జిగటగా మారి మరిన్ని తెల్లకణాలను ఆపి పేగులోకి పంపుతాయి. అవి మళ్లీ టీఎన్‌ఎఫ్‌ను విడుదల చేస్తాయి. పుండు మానే సమయమే దొరకదు.

నోరు నొక్కిన మందు

టీఎన్‌ఎఫ్‌ను పట్టుకుని పనిచేయకుండా చేసే యాంటీబాడీని 1980ల చివర్లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో యాన్ విల్చెక్, జన్‌మింగ్ లీ రూపొందించారు. తర్వాత దాని పేరు ఇన్‌ఫ్లిక్సిమాబ్ అయింది. దీన్ని మొదట కీళ్లవాతం రోగుల్లో పరీక్షించినది లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, లుధియానాలో పుట్టిన రవీందర్ మైనీ. 1992లో చేసిన ఆ ప్రయత్నం ఫలించింది.

పేగు మీద ప్రయోగం ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగింది. ఏ మందుకూ లొంగని క్రోన్స్‌తో బాధపడుతున్న ఓ బాలికకు శాండర్ వాన్ డెవెంటర్ బృందం ఈ యాంటీబాడీ ఇచ్చి 1993లో ఆ అనుభవాన్ని ప్రచురించింది. తర్వాత 10 మంది రోగులకు ఇస్తే 8 మందిలో నాలుగు వారాల్లోనే పుండ్లు మానడం కనిపించింది. 1997లో వెలువడిన ట్రయల్‌లో 108 మంది పాల్గొన్నారు. కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల చొప్పున ఒక్కసారి మందు ఎక్కించిన వారిలో 81 శాతం మందికి నాలుగు వారాల్లో ఉపశమనం లభించింది. ఉత్తుత్తి మందు ఇచ్చిన వారిలో అది 17 శాతమే. 1998లో అమెరికా ఈ మందును క్రోన్స్‌కు అనుమతించింది. ఆ తర్వాత అడాలిముమాబ్ వంటి మందులు వచ్చాయి.

ఒక చిత్రమైన వైఫల్యం కూడా ఇదే కాలంలో ఎదురైంది. ఎటానెర్సెప్ట్ కూడా టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే మందే. కీళ్లవాతానికి చక్కగా పనిచేస్తుంది. క్రోన్స్‌లో మాత్రం 2001లో వచ్చిన ట్రయల్‌లో ఏ ప్రయోజనమూ చూపలేదు. శాస్త్రవేత్తలు చెప్పే ప్రధాన వివరణ ఇది: ఎటానెర్సెప్ట్ విడిపోయి తిరిగే టీఎన్‌ఎఫ్‌ను పట్టుకున్నంత గట్టిగా కణం పైపొరకు అతుక్కుని ఉన్నదాన్ని పట్టుకోలేదు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ రెండింటినీ పట్టుకుంటుంది. పేగులో వాపును కొనసాగిస్తున్న టీ కణాలు చనిపోయేలా కూడా చేస్తుంది. ఒకే ప్రోటీన్‌ను అడ్డుకుంటున్నా, ఎక్కడ, ఏ రూపంలో అన్నది ఫలితాన్ని మార్చేస్తోందన్నమాట.

70 మంది చెప్పిన పాఠం

2001లో బోస్టన్‌కు చెందిన జోసెఫ్ కీన్, ఆయన సహచరులు ఒక హెచ్చరిక ప్రచురించారు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడుతున్న వారిలో క్షయ వచ్చినట్టు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థకు 70 నివేదికలు అందాయి. అప్పటికి ప్రపంచవ్యాప్తంగా ఆ మందు వాడిన వారు సుమారు 1.47 లక్షల మంది. సంఖ్య చిన్నదే అనిపించినా వివరాలు కలవరపెట్టాయి. 48 మందికి మూడు డోసులు పూర్తయ్యేలోపే, లేదా మూడింటితోనే జబ్బు బయటపడింది. 40 మందిలో అది ఊపిరితిత్తులు దాటి వేరే అవయవాల్లో కనిపించింది. 12 మంది మరణించారు. 70 నివేదికల్లో 64 క్షయ అరుదుగా ఉండే దేశాల నుంచి వచ్చినవే.

అంత త్వరగా వచ్చిందంటే క్షయ కొత్తగా సోకలేదని అర్థం. ఏనాడో శరీరంలోకి చేరి నిద్రాణంగా ఉన్న క్రిమి మేల్కొంది. ఎందుకు మేల్కొందో వివరించే ఆధారాలు ప్రయోగశాలల్లో అప్పటికే ఉన్నాయి. క్షయ క్రిమి లోపలికి రాగానే మ్యాక్రోఫేజ్‌లు దాన్ని చుట్టుముడతాయి. వాటి చుట్టూ టీ కణాలు చేరతాయి. అలా ఏర్పడే గట్టి ముద్దను గ్రాన్యులోమా అంటారు. క్రిమి అందులో చావకపోయినా బందీగా ఉంటుంది. ఆ కణాలను అక్కడ నిలిపి ఉంచేది, క్రిమిని అణచేలా మ్యాక్రోఫేజ్‌లను ఉసిగొల్పేది టీఎన్‌ఎఫ్. 1989లో బీసీజీ ఇచ్చిన ఎలుకల్లో టీఎన్‌ఎఫ్‌ను యాంటీబాడీతో అడ్డుకుంటే గ్రాన్యులోమాలు ఏర్పడలేదు, ఉన్నవి కరిగిపోయాయి. 1995లో టీఎన్‌ఎఫ్ గ్రాహకం లేని ఎలుకలు క్షయకు తట్టుకోలేక త్వరగా చనిపోయాయి. కాపలాదారును తప్పిస్తే జైలు తలుపులు తెరుచుకుంటాయని ఎలుకలు ముందే చెప్పాయి.

మన దేశంలో లెక్క వేరు

ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మంది భారతీయులే. 2019-21 మధ్య జరిగిన జాతీయ క్షయ సర్వేలో 15 ఏళ్లు దాటిన వారిలో సుమారు 31 శాతం మందికి క్షయ క్రిమి సోకిన ఆనవాళ్లు కనిపించాయి. వీరంతా రోగులు కారు. సాధారణంగా ఇలాంటి ప్రతి 10 మందిలో ఒకరికి మించి జీవితకాలంలో జబ్బు రాదు. టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే మందు వాడితే మాత్రం ఆ ముప్పు పెరుగుతుంది.

అందుకే ఈ మందు మొదలుపెట్టే ముందు క్షయ కోసం గాలించడం తప్పనిసరి. ఛాతీ ఎక్స్‌రే లేదా సీటీ స్కాన్, చర్మం కింద చేసే ట్యూబర్‌క్యులిన్ పరీక్ష, రక్తంతో చేసే ఇగ్రా పరీక్ష ఇందులో భాగం. నిద్రాణ క్షయ ఉందని తేలితే ఐసోనియాజిడ్ వంటి నివారణ మందులు ఇచ్చి, సాధారణంగా కనీసం ఒక నెల గడిచాకే యాంటీ టీఎన్‌ఎఫ్ మొదలుపెడతారు. యాంటీ టీఎన్‌ఎఫ్ వాడబోయే వారికి నివారణ చికిత్స ఇవ్వాలని మన జాతీయ మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి.

ఈ పరీక్షలకూ పరిమితులున్నాయి. క్రోన్స్ రోగులు చాలామంది అప్పటికే స్టెరాయిడ్లు వాడుతుంటారు. రోగనిరోధక శక్తి మందగించినప్పుడు క్రిమి ఉన్నా పరీక్ష లేదని చెప్పవచ్చు. అందుకే జబ్బు తేలిన తొలి రోజుల్లోనే, స్టెరాయిడ్లకు ముందే పరీక్షలు చేయడం మేలు. అన్నీ బాగున్నాయని తేలి మందు మొదలుపెట్టిన తర్వాత కూడా బస్సులోనో ఇంట్లోనో కొత్తగా క్షయ సోకవచ్చు. కాబట్టి చికిత్స సాగినన్నాళ్లూ నిఘా కొనసాగాలి.

ఇక మొదట చెప్పుకున్న రోగి సంగతి. క్రోన్స్‌లోనూ గ్రాన్యులోమాలు ఏర్పడతాయి. క్షయలో అవి పెద్దవిగా, మధ్యలో పెరుగు ముద్దలా కుళ్లి ఉంటాయి. అలాంటిది బయాప్సీలో కనిపిస్తే సందేహం తీరినట్టే. కానీ చాలాసార్లు కనిపించదు. పేగు ముక్కలో క్రిములు తక్కువగా ఉండటంతో కల్చర్, జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్షలు కూడా చాలా కేసులను పట్టుకోలేవు. ఎటూ తేలనప్పుడు మన వైద్యులు ముందుగా క్షయ మందులు ఇచ్చి చూస్తారు. రెండు నెలల తర్వాత మళ్లీ కొలనోస్కోపీ చేస్తే జవాబు దొరుకుతుంది. పుండ్లు మానితే క్షయ. మానకపోతే క్రోన్స్ వైపు ఆలోచించాలి. రోగి కాస్త తేరుకున్నానని చెప్పినంత మాత్రాన సరిపోదు, పుండును కళ్లతో చూడాలి. ఆ రెండో పరీక్ష మానేసి నెలల తరబడి క్షయ మందులతోనే గడిపితే, అసలు జబ్బు క్రోన్స్ అయినవారి పేగు ఈలోగా ఇరుకైపోయి ఆపరేషన్ దాకా వెళ్లవచ్చు. అటు తొందరపడినా ముప్పే, ఇటు ఆలస్యం చేసినా నష్టమే.

ఇకపై ఏం జరగొచ్చు?

ధర విషయంలో కొంత ఊరట ఉంది. అడాలిముమాబ్‌కు ప్రపంచంలోనే తొలి బయోసిమిలర్‌ను అహ్మదాబాద్‌కు చెందిన జైడస్ క్యాడిలా 2014 డిసెంబరులో మన దేశంలో విడుదల చేసింది. మూల మందుకు దాదాపు సమానంగా పనిచేసే ఇలాంటి రకాలు రావడంతో చికిత్స ఖర్చు తగ్గింది. అయినా నెలల తరబడి వాడాల్సిన మందు కావడంతో చాలా కుటుంబాలకు ఇప్పటికీ భారమే.

మందు అందరికీ పనిచేయదు కూడా. సుమారు మూడో వంతు మందిలో మొదటి నుంచీ ఫలితం ఉండదు. మరికొందరిలో కొన్నాళ్లకు శరీరమే మందుకు విరుగుడు యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. దాన్ని తగ్గించేందుకు అజాథయోప్రిన్ లేదా మెథోట్రెక్సేట్ కలిపి ఇస్తారు. కానీ రెండు మందులతో రోగనిరోధక శక్తి మరింత తగ్గుతుంది. క్షయ లెక్క మళ్లీ వేసుకోవాల్సి వస్తుంది.

అందుకే టీఎన్‌ఎఫ్‌ను ముట్టుకోని దారులకు మన దేశంలో ప్రాధాన్యం పెరుగుతోంది. వెడోలిజుమాబ్ తెల్లకణాలు పేగులోకి వెళ్లే దారిని మాత్రమే మూస్తుంది. ఊపిరితిత్తుల కాపలా చాలావరకు చెక్కుచెదరదు. ఇంటర్‌ల్యూకిన్-23 అనే మరో సంకేతాన్ని అడ్డుకునే మందుల్లోనూ క్షయ ముప్పు తక్కువగానే కనిపించింది. అయితే వీటికి ముందూ పరీక్షలు చేస్తూనే ఉన్నారు. టీఎన్‌ఎఫ్‌కు ఉన్న రెండు రకాల గ్రాహకాల్లో ఒక్కదాన్ని మాత్రమే అడ్డుకుంటే హాని తగ్గి మేలు మిగులుతుందా అన్నది పరిశోధకులు వెతుకుతున్న మరో ప్రశ్న.

ఈలోగా రోగి చేతిలో ఉన్న పని ఒకటుంది. గతంలో తనకు గానీ, ఇంట్లో ఎవరికైనా గానీ క్షయ వచ్చిందా అని డాక్టరు అడిగినప్పుడు దాచకుండా చెప్పడం. ఊళ్లో పేరు పోతుందనో పెళ్లి సంబంధాలు చెడతాయనో ఆ మాట మింగేసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. యాంటీ టీఎన్‌ఎఫ్ మొదలయ్యాక రెండు వారాలు దాటిన జ్వరం, దగ్గు, రాత్రిపూట చెమటలు, మెడలో గడ్డలు కనిపిస్తే తర్వాతి డోసు తేదీ వరకు ఆగకుండా వెంటనే డాక్టరును కలవాలి. ముందే తెలిస్తే రెండు జబ్బులకూ చికిత్స ఉంది.